అడవికి అడంగలు: పొలిమేరలు దాటిన చెట్లలెక్క

భూవసతి గల ప్రతి గృహస్థునకును అడంగలు సంగతి తెలియును. ఏ సర్వేనంబరులో ఎంత భూమి కలదో, ఆ యేట నందేమి పైరు వేసిరో గ్రామలెక్కలయందు వ్రాయబడుచుండును. ఒక్క యేటి లెక్కకు విలువ తక్కువ. ఇరువదియేండ్ల యడంగళ్లను వరుసగా ముందుంచుకొని చూచినప్పుడు ఏ చెఱువు పూడినదో, ఏ మెట్ట మాగాణి యైనదో, ఏ చేను బీడుపడినదో తేటపడును. పొలమునకు ఇంత లెక్క నుంచుకొన్న మనము అడవికి ఏమి లెక్క నుంచుకొన్నాము? అడవి విస్తీర్ణమెంత యని యడిగినచో ప్రభుత్వమువారు చెప్పగలరు. 1981 లో డెహ్రాడూనులో స్థాపింపబడిన భారత అటవీసర్వేక్షణశాఖ ఉపగ్రహచిత్రముల సాయమున ఆ లెక్కను 1987 మొదలు ప్రకటించుచున్నది. కాని ఆ పచ్చదనము క్రింద ఏ చెట్టు పెరుగుచున్నది, ఏది చచ్చుచున్నది, ఏ మొలక మ్రానుగా నిలుచుచున్నది, ఈ మార్పునకు కారణమేమి యని యడిగినచో బదులు చెప్పగల స్థలములు మిక్కిలి కొలది.

అడవిలెక్కకు రెండు చిక్కులు గలవు. మొదటిది కాలము. మద్ది గాని టేకు గాని మనుష్యుని యాయుర్దాయమును మించి బ్రదుకగలదు. అధికారి కొన్నియేండ్లకు బదిలీ యగును. పరిశోధకునకు దొరకిన ధనసహాయము మూడేండ్లకో యైదేండ్లకో ముగియును. కావున ఒకరు మొదలుపెట్టిన లెక్కను మఱియొకరు, వారి తరువాత నింకొకరు విడువక సాగింపవలయును. రెండవది దేశము. అనావృష్టి యొక రాజ్యముతో నాగదు. గాలిలోని విషము సుంకపు ఠాణాకడ నిలువదు. ఒక దేశపు టడవిలో చెట్లు చచ్చినచో, అది యచ్చటి తెగులో, లోకమంతటను వ్యాపించిన యుపద్రవమో, పరదేశముల లెక్కలతో పోల్చి చూచిననే గాని తెలియదు. ఇందువలన దీర్ఘకాలపు అటవీపరిశీలనము పెక్కు దేశములు కలిసి చేయవలసిన పని యైనది. ఆ పనిలో భారతదేశము నిండుమనస్సుతో పాలుపంచుకొనవలయుననియు, ఒకరికి కొలిచిపెట్టు కూలివానివలె గాక తన లెక్కకు తానే యజమానియై పాల్గొనవలయుననియు మా యభిప్రాయము.

చెట్టుచెట్టునకు సంఖ్య

పనామా కాలువ నిర్మాణమునకై చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టగా గాటున్ సరస్సు ఏర్పడెను. నీరు పెరిగి నలుదెసల ముంచెత్తగా ఒక కొండనెత్తము దీవియై మిగిలెను. దాని పేరు బార్రో కొలరాడో. 1923 లో దానిని రక్షితప్రదేశముగా నేర్పఱచిరి. 1946 మొదలు అది అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ పాలనమున నున్నది. 1980 లో స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫాస్టర్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఆ దీవి యడవిలో 50 హెక్టారులు, అనగా మన లెక్కకు సుమారు 124 ఎకరములు, ఎన్నుకొని చెట్లలెక్క నారంభించిరి.

వారి పద్ధతి మన సర్వేవారికి వింతగా తోచదు. నిడివి 1,000 మీటరులు, వెడల్పు 500 మీటరులు గల యా స్థలమును 20 మీటరుల చదరములుగా విభజించిరి. అట్టి చదరములు 1,250 తేలినవి. ప్రతి చదరమునందును 1 సెంటీమీటరు వ్యాసమునకు తక్కువగాని ప్రతి కాండమునకు సంఖ్యగల బిళ్లను తగిలించి, దాని జాతిని గుర్తించి, వ్యాసమును కొలిచి, అది నిలిచిన చోటును పటమున గుఱుతించిరి. బొటనవ్రేలంత లేనిమొక్కకు సైతము లెక్కలో నొక పంక్తి దక్కినది. ఇట్లు సుమారు 300 జాతులకు చెందిన రెండులక్షలకు మించిన కాండములు లెక్కకెక్కెను. 1985 లో పాతపట్టీలు చేతబట్టుకొని మరల ప్రతిచెట్టు కడకును పోయిరి. నాటినుండి యైదేండ్లకొకమాఱు ఆ లెక్క జరుగుట యాచారమైనది.

దీనిఫలము మొదటి యైదేండ్లలోనే కనబడెను. 1982-83 సంవత్సరములలో పసిఫిక్ మహాసముద్రజలములు వేడెక్కగా, ఎల్ నీనో యని పిలువబడు నా వికారమువలన పనామాలో తీవ్రమైన యనావృష్టి కలిగెను. 1985 నాటి లెక్కలో చెట్లచావు సాధారణమునకు మించి కనబడినది. బిళ్లలు కట్టకముందే యా క్షామము వచ్చియుండినచో, ఎన్ని చచ్చినవో, ఏ జాతులవో, అది యెక్కువయో తక్కువయో ఎవరును చెప్పజాలకుందురు. కఱవు వచ్చిన పిమ్మట లెక్క మొదలుపెట్టినచో పోయినదానికి ఆనవాలు మిగులదు.

ఆ పద్ధతి త్వరలోనే పరదేశములకు ప్రాకెను. మలేసియాలోని పాసో యడవిలో 1980 తరువాతి దశాబ్దమున 50 హెక్టారుల స్థలము నేర్పఱచిరి. అందు 800కు మించిన వృక్షజాతులు తేలినవి. బోర్నియోదీవియందలి లాంబిర్‌లో 52 హెక్టారులలో సుమారు 1,200 జాతులు గలవు. థాయిలాండులోని హువాయ్ ఖా ఖాయెంగ్, సింహళమునందలి సింహరాజవనము మున్నగు చోట్లను అదే తీరున లెక్క ప్రారంభమైనది. ఇప్పుడు సుమారు 30 దేశములలో 70కి మించిన స్థలములు ఈ కూటమిలో చేరియున్నవి. పనామాలో చెట్టును కొలిచినట్లే పాసోలోను కొలుతురు. కావుననే రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూడవచ్చును.

భారతదేశమునకును ఇందు స్థానము కలదు. నీలగిరుల చెంత, తమిళనాడు కర్ణాటక కేరళముల యెల్లలు కలియుచోట నున్న ముదుమలై యడవిలో, 1988 లో బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన రామన్ సుకుమార్ గారును వారి సహచరులును 50 హెక్టారుల స్థలమును కట్టుదిట్టము చేసిరి. సుమారు 70 జాతులకు చెందిన 25,000కు మించిన కాండములు మొదటి లెక్కలో చేరెను. అచ్చట చచ్చినచెట్లను, క్రొత్తగా లేచినవానిని ఏటేట నమోదు చేయుట ఆనవాయితీ. నిప్పు ఏ యేట వచ్చి ఎన్ని చిన్నమొక్కలను తినెనో, ఏనుగులు ప్రీతితో విఱిచి తిను కైడియా యను చిన్నచెట్టు ఎట్లు తఱిగిపోయెనో ఆ పట్టీలు చెప్పుచున్నవి. నల్లమద్ది, చిరుమాను, టేకు ఆ యడవికి ముఖ్యవృక్షములు. ఇవి మన నల్లమలలోను గలవు. కావున ముదుమలైలెక్క తెలుగుదేశపు టడవులకు దాయాదిలెక్క యనదగియున్నది.

ఒకే కొలబద్ద

దేశములు కలిసి లెక్కించుట యనగా ఉత్తరప్రత్యుత్తరములు జరుపుకొనుట మాత్రమే కాదు. మొదట కొలబద్ద యొక్కటి కావలయును. ఇందుకొక చిన్నయుదాహరణము చాలును. చెట్టుకాండమును మనుష్యుని ఱొమ్మెత్తున కొలుచుట ఎల్లెడల వాడుక. కాని ఱొమ్మెత్తనగా నెంత? ఐరోపాలోని పెక్కు దేశములలో 1.30 మీటరు. మన అటవీశాఖల పూర్వాచారమున నాలుగున్నర అడుగులు, అనగా 1.37 మీటరు. భేదము ఏడు సెంటీమీటరులు. బజారులో కలప కొనువానికి ఈ భేదమొక లెక్కలోనిది కాదు. కాని మొదలు లావై పైకిపోను సన్నగిల్లు చెట్టు ఏటికి కొన్ని మిల్లీమీటరులు మాత్రమే లావెక్కును. ఒకమాఱు ఒక యెత్తునను, మఱియొకమాఱు వేఱొక యెత్తునను కొలిచినచో, పెరిగినచెట్టు తఱిగినట్లును కనబడవచ్చును. మనవారు చుట్టుకొలతను వ్రాయుదురు, ఇతరులు వ్యాసమును వ్రాయుదురు. లెక్కలు కలుపునప్పుడు ఇట్టివన్నియు విప్పుకొనవలసిన ముడులే.

పేరులచిక్కు దీనిని మించినది. మనము నల్లమద్ది యని పిలుచు చెట్టును వృక్షశాస్త్రగ్రంథములు టెర్మినేలియా టొమెంటోసా యనియు, క్రెనులేటా యనియు, అలాటా యనియు, ఎలిప్టికా యనియు వేఱువేఱుగా పేర్కొన్నవి. ఒక దేశమువారు ఒక పేరుతోను, ఇంకొకరు వేఱుపేరుతోను వ్రాసినచో, ఒకే వృక్షము నాలుగుజాతులై కూర్చుండును. కావున ఎండబెట్టి భద్రపఱచిన కొమ్మలను ఆకులను ఒకచోట చేర్చి, నేర్పరులు కూర్చుండి పేరులు సరిచూడవలయును. లెక్కకు పెట్టు వ్యయములో దీనికి కొంత భాగము తీసి యుంచని కూటమి ఏదియు నిలువలేదు.

ఇట్టి పొందిక అవసరమని ఐరోపావారు ముందుగానే గ్రహించిరి. 1892 లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్‌నందు జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశముల అటవీపరిశోధనాలయములు ఒక సంఘముగా నేర్పడినవి. మొదటి ప్రపంచయుద్ధము ఆ మైత్రిని భంగపఱచెను. 1929 లో స్టాక్‌హోముసభతో అది మరల కుదురుకొనెను. నేడు వియన్నా ముఖ్యస్థానముగా నున్న అంతర్జాతీయ అటవీపరిశోధనాసంస్థల సమాఖ్య యదియే. యుద్ధము వచ్చినప్పుడెల్ల మొదట తెగునట్టివానిలో శాస్త్రజ్ఞుల సంబంధమొకటి. దానిని తిరిగి ముడివేయుటకు దశాబ్దము పట్టెను.

అయినను రాజకీయవైరము గలవారు కలిసి లెక్కింపజాలరను మాట నిజము కాదు. 1979 లో జెనీవానగరమున, సరిహద్దులు దాటి దూరమునకు పోవు వాయుమాలిన్యమును గుఱించిన యొడంబడికపై అమెరికాయు, సోవియట్ రష్యాయు, ఇరుపక్షముల మిత్రదేశములును చేవ్రాళ్లు చేసెను. అది ఇరుకూటములును అణ్వస్త్రములు పేర్చుకొనుచున్న కాలము. జర్మనీలో సోలింగ్ అను కొండప్రదేశమున 1960 తరువాతి దశాబ్దమునుండి నేలను, వాననీటిని పరీక్షించుచు వచ్చిన బెర్న్‌హార్డ్ ఉల్రిచ్, కర్మాగారముల పొగవలన వాననీరు పులుసెక్కి అడవినేల చెడుచున్నదని హెచ్చరించెను. 1980 ప్రాంతమున అడవులు చచ్చిపోవునను భయము జర్మనులను కలచివేసెను. 1985 లో ఆ యొడంబడిక క్రింద ఐరోపా యడవుల పరిశీలనము మొదలయ్యెను. సుమారు 40 దేశము లందు పాల్గొనినవి. 16 కిలోమీటరులకొక బిందువు చొప్పున ఐరోపాపటముపై గళ్లుగీచి, ప్రతిబిందువునొద్ద చెట్లతలలను ఏటేట చూచిరి. పలుదేశముల పరీక్షకులను ఒకచోటికి రప్పించి, ఒకే చెట్టును చూపి, ఎవరి కన్ను ఎంత యెక్కువతక్కువలుగా చూచుచున్నదో సరిపోల్చిరి. ఒకే యాకులపొడిని వివిధదేశముల ప్రయోగశాలలకు పంపి ఫలితములను పరీక్షించిరి.

ఫలమేమి? గంధకపుపొగను తగ్గించుటకు 1985 లో హెల్సింకియందు ఒడంబడిక జరిగెను; పొగ తగ్గెను; భయపడినంతగా అడవులు నశింపలేదు. ముప్పు వచ్చుచున్నదని చెప్పినదియు లెక్కయే. ఆ ముప్పు ఊహించినంతటిది కాదని తేల్చినదియు లెక్కయే. ఉపేక్షకును అతిశయోక్తికిని ఒకటే మందు.

లెక్క తెలిపిన సత్యము

ఉష్ణమండలముసంగతి యింకను గంభీరమైనది. 2000 నాటినుండి ఆలివర్ ఫిలిప్స్, యద్విందర్ మాల్హీ మున్నగువారు దక్షిణామెరికాశాస్త్రజ్ఞులతో కలిసి అమెజాను దేశములలో చెదరియున్న చిన్నచిన్న పరిశీలనాస్థలములను ఒక్క వలగా నల్లిరి. ఆఫ్రికాలోను అట్టి వల యేర్పడినది. 2013 లో ప్రకటింపబడిన యొక పరిశోధన 1,170 స్థలముల లెక్కలను జోడించి, అమెజాను ప్రాంతమున సుమారు 16,000 వృక్షజాతులుండునని యంచనా వేసెను. మొత్తము చెట్లలో సగము 227 జాతులకే చెందినవని తేల్చెను. ఏ యొక్క దేశమువారును తమ యడవిని మాత్రము లెక్కించి యిట్టి సంగతి కనుగొనజాలకుందురు.

2020 లో వాన్నెస్ హుబౌ, సైమన్ లూయిస్ మున్నగు బహుదేశీయులు ఆఫ్రికాలోని 11 దేశములకు చెందిన 244 స్థలముల లెక్కను, అమెజానులోని 321 స్థలముల లెక్కతో సరిపోల్చి ప్రకటించిరి. మనుష్యులు విడుచు బొగ్గుపులుసుగాలిలో కొంతపాలును ఎవరును గొడ్డలి పెట్టని యుష్ణమండలపు టడవులు పీల్చుకొనుచుండును. 1990 మొదలు పదియేండ్లలో అవి సుమారు 4,600 కోట్ల టన్నులు పీల్చెను. 2010 తరువాతి దశాబ్దమున అది సుమారు 2,500 కోట్ల టన్నులకు పడిపోయెను. మొదట మనుష్యులు విడిచినదానిలో నూటికి 17 పాళ్లు పీల్చినవి, తరువాత 6 పాళ్లు మాత్రమే పీల్చగలిగినవి. ఎండ పెరిగి, వానలు తప్పి, చెట్ల యెదుగుదల మందగించి, చావు హెచ్చుటయే ముఖ్యకారణము. మీఁదినుండి చూచిన ఉపగ్రహమునకు ఆ యడవులు పచ్చగానే కనబడినవి. చెట్టును ముట్టి, టేపు చుట్టి కొలిచినవారికే గుట్టు తెలిసినది.

ఇందు మనమాలోచింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ గొప్పలెక్కలలో నధికభాగము తడియడవులది. తెలుగుదేశపు టడవులలో నధికభాగము ఎండకాలమున ఆకురాల్చు పొడియడవి. పొడియడవి గుణములు వేఱు; నిప్పుతో, పశువుల మేతతో, ఏడెనిమిది నెలల వానలేమితో అది కాపురము చేయును. 2015 లో పారిస్ సభాసందర్భమున భారతప్రభుత్వము 2030 నాటికి అడవులచేతను చెట్లచేతను 250 మొదలు 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసుగాలిని అదనముగా పీల్పింతునని లోకమునకు మాట యిచ్చినది. ఆ మాట నెఱవేఱినదో లేదో ఎవరు కొలుతురు? మన పొడియడవికి మన లెక్క లేనిచో, పరదేశపు తడియడవిని కొలిచిన మానికతోనే మన యడవినికూడ కొలువవలసివచ్చును. స్వతంత్రదేశమునకు అది గౌరవము కాదు.

లెక్క యెవరిది?

మనదేశమున చెట్లలెక్కకు ఒక పాతకథ కలదు. 1856 లో బర్మాయందలి పెగూ టేకువనములకు అధికారిగా వచ్చిన డీట్రిచ్ బ్రాండిస్ అను జర్మనీయుడు ఏనుగునెక్కి, వెదురుకోలలపై గాట్లు పెట్టుచు చెట్లను పరిమాణములవారీగా లెక్కించెనని చెప్పుదురు. 1864 లో ఆయనయే భారతదేశపు ప్రథమ అటవీ ఇన్‌స్పెక్టరు జనరలయ్యెను. పద్ధతి నిపుణమైనదే, కాని లెక్క యోడలకును, రైలుమార్గపు దిమ్మెలకును కావలసిన కలపకొఱకు జరిగినది. లెక్కతోపాటు హద్దురాళ్లు వచ్చినవి. హద్దురాళ్లతోపాటు పన్నులు వచ్చినవి. 1882 నాటి మద్రాసు అటవీశాసనము తరువాత తరతరములుగా పశువులు మేసిన బీళ్లు నిషిద్ధభూములయ్యెను. 1921 లో పల్నాటిరైతులు పుల్లరి కట్టమని నిలిచిరి; 1922 లో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. అదే యేట మన్యమున అల్లూరి సీతారామరాజు లేచుటకు పోడువ్యవసాయముపై పెట్టిన నిర్బంధము లొక ముఖ్యకారణము. కావున అడవిలో టేపు పట్టుకొని తిరుగువానిని చూచి గిరిజనుడు సందేహించినచో అది యజ్ఞానము కాదు, అనుభవము.

నేటి అంతర్జాతీయపు లెక్కలలోను ఈ చిక్కు వేఱురూపున కనబడుచున్నది. జలగలమధ్య, వానలలో తిరిగి చెట్టెక్కి ఆకుకోసినవాడు బొలీవియావాడో, కాంగోవాడో, మనవాడో. ఆ లెక్కను ధనికదేశమునందలి విశ్వవిద్యాలయమున గణకయంత్రముపై పరిష్కరించి కీర్తి పొందువాడు వేఱొకడు. 2022 లో వివిధదేశముల అటవీశాస్త్రజ్ఞులు కలిసి దీనినే ప్రస్తావించి, లెక్కలను ఎల్లరకును ఉచితముగా తెఱువుడని కోరువారు మొదట కొలిచినవారి కూలికిని, శిక్షణకును, గౌరవమునకును ఏర్పాటు చేయవలయునని వ్రాసిరి. అది న్యాయమైన కోరిక. పంట పండించినవానికి పాలు లేని కల్లము ఎక్కువకాలము నిండదు.

దీనినిబట్టి కొందఱు మన లెక్కలను పరదేశీయులకు చూపనేకూడదందురు. 1992 నాటి జీవవైవిధ్యపు టొడంబడిక ప్రతిదేశమునకును తన జీవసంపదపై అధికారము కలదని యంగీకరించెను. 2002 లో మన పార్లమెంటు జీవవైవిధ్యశాసనమును చేసెను. 2010 నాటి నగోయా నియమపత్రము లాభములో న్యాయమైన పాలు మూలదేశమున కీయవలయునని చెప్పెను. ఈ రక్షణలు మనకు అవసరమే. కాని విత్తనమును, మూలికను కాపాడుట యొకటి. చెట్టు చావుబ్రదుకుల లెక్కను పెట్టెలో దాచుట వేఱొకటి. దాచిన లెక్కను ఎవరును దొంగిలింపరు గాని, ఎవరును సరిదిద్దను లేరు. ఎఱ్ఱచందనపు దుంగలు శేషాచలమునుండి దొంగదారుల సముద్రములు దాటుచున్నవి. 1995 లోనే ఆ వృక్షమును అంతర్జాతీయవ్యాపారనియమముల పట్టికలో చేర్పవలసివచ్చెను. దుంగ దాటగల పొలిమేరను జ్ఞానము దాటరాదనుట వింతన్యాయము. షరతులు స్పష్టముగా వ్రాసికొని, మూలపత్రములు మనయొద్ద నుంచుకొని, మన పరిశోధకులకు సమానస్థానము నిచ్చువారితో లెక్కలు పంచుకొనుటయే మధ్యేమార్గము.

ఇరుగుపొరుగు

దూరదేశములతో కలియుటకు ముందు పొరుగుతో కలియవలయును. 1947 లో గీచిన గీత వంగదేశమును మాత్రమే గాక సుందరవనములనుకూడ రెండుగా చీల్చెను. సుమారు పదివేల చదరపుకిలోమీటరుల యా మడయడవిలో అయిదింట మూడుపాళ్లు నేటి బంగ్లాదేశమునను, తక్కినది మనదేశమునను గలవు. ఆ వనమునకు పేరు తెచ్చిన సుందరిచెట్టు తలయెండి చచ్చుట బంగ్లాదేశమున చిరకాలముగా కనబడుచున్నది. పైనుండి వచ్చు మంచినీరు తగ్గి ఉప్పు పెరుగుట కారణములలో నొకటిగా చెప్పబడుచున్నది. నీరు ఒక దేశమునుండి వచ్చును, చెట్టు వేఱొక దేశమున చచ్చును. ఒకరి లెక్కలో కారణము, మఱియొకరి లెక్కలో కార్యము. 2011 లో ఉభయప్రభుత్వములును సుందరవన సంరక్షణమునకై అంగీకారపత్రము వ్రాసికొనెను. కాగితము మంచిదే; ఒకే కొలబద్దతో గీతకిరువైపుల చెట్లకు బిళ్లలు కట్టి ఏటేట కొలిచినప్పుడే దానికి ప్రాణము వచ్చును. గోదావరిముఖమున కోరింగ మడయడవిని కాపాడుకొనవలసిన మనకును ఆ లెక్క పాఠము చెప్పును.

ఇంతేల, మన యింటిలోనే యొక పొలిమేర యున్నది. 2014 లో రాష్ట్రము రెండుగా నైనప్పుడు నల్లమలయు రెండయ్యెను. కృష్ణకు దక్షిణమున నాగార్జునసాగరము శ్రీశైలముల పులులవనము ఆంధ్రప్రదేశమునకును, ఉత్తరమున అమ్రాబాదువనము తెలంగాణమునకును చెందినవి. మద్దిచెట్టునకు ఈ విభజనము తెలియదు. చెంచువానికి చుట్టములు రెండుగట్ల నున్నారు. ఒకేభాష మాటలాడు రెండు ప్రభుత్వములు ఒక్క యడవికి ఒక్క యడంగలు వ్రాయజాలనిచో, పరదేశములతో పొత్తును గుఱించి మాటలాడుటకు మనకు మొగమెక్కడిది?

చేయవలసిన పని

2015 లో కేంద్రప్రభుత్వము దేశమున వివిధవిధములైన ప్రకృతిమండలములయందు దీర్ఘకాలపరిశీలనాస్థానములు నెలకొల్పు ప్రణాళికను పారిస్‌లో ప్రకటించినది. ఆ సంకల్పమునకు తెలుగురాష్ట్రములు బలము చేకూర్పవలయును. నల్లమలయందు కృష్ణకు రెండుప్రక్కలను, శేషాచలమునందును, పాపికొండలయందును, కోరింగలోను శాశ్వతస్థలములు నేర్పఱచి, ముదుమలైలోని పద్ధతినే యనుసరించి, రెండుప్రభుత్వముల అటవీశాఖలును విశ్వవిద్యాలయములును కలిసి లెక్క నారంభింపవలయును. పద్ధతి ముదుమలైదే యైనచో ఆ లెక్క మొదటిదినముననే థాయిలాండుతోను, సింహళముతోను, పనామాతోను పోల్చదగినదగును.

రెండవది ధనము. మూడేండ్ల సహాయముతో నూఱేండ్ల చెట్టును కొలువలేము. మన పూర్వులు దేవాలయమున నిత్యదీపము వెలుగుటకు ఏటేటి చందాలను నమ్ముకొనలేదు. మాన్యము వ్రాసి యిచ్చిరి. మంత్రులు మాఱినను, కఱవు వచ్చినను దీపమాఱకుండుటకు అది యుపాయము. అడవిలెక్కకును అట్టి మూలధనము కావలయును. అసలు ముట్టక వడ్డీతో కొలతలు జరుగవలయును. ప్రభుత్వము పూనుకొనినచో కలపవలనను, గనులవలనను లాభమందినవారినుండి ఇందుకొక భాగము తీయుట కష్టము కాదు. ధనవంతులైన భూస్వాములును, వర్తకులును కళాశాలలకును సత్రములకును ఇచ్చినట్లే దీనికిని ఈయవచ్చును. తమ చెఱువులకు నీరు దిగు కొండల లెక్క ఇది.

మూడవది మనుష్యులు. చెంచులు, కోయలు, కొండరెడ్లు చెట్టును బెరడు చూచి, వాసన చూచి గుర్తుపట్టగలరు. వారిని దారిచూపు కూలివారుగా వాడుకొని విడువక, జీతముగల లెక్కరులుగా నియమించి, వారి పిల్లలకు వృక్షశాస్త్రము నేర్పి, ప్రకటించు ప్రతిగ్రంథమునందును వారి పేరులు చేర్పవలయును. ఫలితములు తెలుగున వారికి చదివి వినిపింపవలయును. లెక్క తమదని యెఱిగినవారు బిళ్లలను పీకరు, నిప్పు పెట్టనీయరు.

నేడు నల్లమలలో బిళ్లకట్టు నల్లమద్ది మొక్కను మన మనుమల మనుమలు కొలుతురు. వారు ఆ పట్టీలో మొదటిపంక్తిని చూచునప్పుడు అది ఏ యేటిదై యుండునో నిర్ణయించుట మాత్రము మనచేతిలోని పని. అనావృష్టి మనకొఱకు ఆగదు. రెండు తెలుగుప్రభుత్వములును వచ్చు వేసవికి ముందే కూర్చుండి, కృష్ణకు రెండుగట్టుల నొకే దినమున నీ లెక్కను ప్రారంభింపవలయునని కోరుచున్నాము.